దామెర్ల రామారావు

గోదావరీతీరమున వెలసిన రాజమహేంద్రవరము ఆంధ్రుల విద్యకును, సంస్కారమునకును పట్టుగొమ్మ. నన్నయభట్టు మహాభారతమును తెనిగింప పూనుకొన్నది ఈ పురముననే. కందుకూరి వీరేశలింగము పంతులు సంఘ దురాచారములపై పోరు సాగించినదియు ఈ పురముననే. కావ్యరచనకును, సంస్కరణమునకును ఇంతటి ప్రసిద్ధి గాంచిన ఆ పట్టణమునకు చిత్రకళయందు కూడ గౌరవస్థానమును సంపాదించి పెట్టిన యువకుడొకడు కలడు. అతడు జీవించినది 28 ఏండ్లయినను నిండని స్వల్పకాలము. ఆ కొద్దికాలములోనే అతడు కన్నవారిని, ఉన్న ఊరిని విడిచి దూరదేశమున కేగి విద్య నార్జించెను. ఆర్జించిన విద్యను తిరిగి తెచ్చి తన ఊరి మట్టిలో నాటెను. ఆ యువకుడే దామెర్ల రామారావు.

రామారావు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. తండ్రి వేంకటరమణరావు వైద్యుడు, తల్లి లక్ష్మీదేవి. బాల్యమునుండియు రామారావు మనస్సు పుస్తకములకంటె బొమ్మలపైననే లగ్నమై యుండెను. చిత్రకారునకు కావలసిన వస్తుసామగ్రి యంతయు ఆ ఊరిలోనే అతని కన్నుల యెదుట పరచుకొని యుండెను. అఖండ గోదావరిపై తెరచాపలెత్తి సాగిపోవు పడవలు, రేవులలో నీరు ముంచుకొను స్త్రీలు, స్నానఘట్టములలో సంధ్యవార్చు వృద్ధులు, దూరమున నీలముగా కానవచ్చు తూర్పుకనుమలు, వర్షాకాలమున ఎఱ్ఱనీటితో పొంగివచ్చు నది, ఇవన్నియు ఆ బాలునకు నిత్యదర్శనములు. వీనిని అందరును చూచుచుండిరి. చూచినదానిని గీతలోనికి తేవలెనన్న తపన మాత్రము కొందరికే కలుగును. అట్టి కొందరిలో రామారావు ఒకడు.

అయితే ఆ కాలమున తెలుగు దేశమున చిత్రలేఖనము గౌరవప్రదమైన వృత్తిగా నెంచబడుట లేదు. మచిలీపట్టణపు కలంకారీ అద్దకములు, కొండపల్లి బొమ్మలు, తోలుబొమ్మలు, తెలంగాణమున నకాషీ వారు వ్రాయు కథల పటములు తరతరములుగా వర్ధిల్లుచునే యుండెను. కాని అవి ఆయా కులవృత్తులవారి పనులనియే చదువుకొన్నవారి తలంపు. మధ్యతరగతి గృహములలో గోడలకు వ్రేలాడునవి రవివర్మ చిత్రముల అచ్చుప్రతులు. వానిని చూచి ఆనందించువారే గాని, తమ కుమారుడు అట్టివి వ్రాసి జీవింపవలెనని కోరు తండ్రి అరుదు. కుమారుడు పట్టము పుచ్చుకొని వకీలు కావలెను, లేదా సర్కారు కొలువున చేరవలెను. ఇదియే ప్రతి గృహస్థుని ఆశ. వైద్యుని ఇంట పుట్టిన బాలుడు కుంచెను నమ్ముకొనుట ఆ దినములలో సాహసమే.

ఆ సాహసమునకు చేయూత నిచ్చినవాడు ఒక విదేశీయుడు. అతని పేరు ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే. ఇంగ్లండు దేశీయుడైన కూల్డ్రే 1909లో రాజమహేంద్రవరమునకు వచ్చి అచటి ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడై 1919 వరకు ఉండెను. ఆయన పాఠములు చెప్పి ఇల్లు చేరు ఉపాధ్యాయుడు కాడు. స్వయముగా కవి, చిత్రకారుడు. గోదావరి అందము ఆయనను ముగ్ధుని చేసెను. భారతదేశమునకు వచ్చిన పెక్కుమంది ఆంగ్లేయ ఉద్యోగులు ఇచటి కళలను చులకనగా చూచుచుండగా, కూల్డ్రే వానియందు గౌరవమును పెంచుకొనెను. అజంతా గుహలలోని చిత్రముల ఘనతను తన శిష్యులకు తెలియజెప్పెను. ఏ విద్యార్థిలో ఏ శక్తి దాగియున్నదో కనిపెట్టి దానిని పైకి తీయుటలో ఆయన నేర్పరి. తరువాతి కాలమున నవలాకారుడుగను, చిత్రకారుడుగను వన్నెకెక్కిన అడివి బాపిరాజు, కవియైన కవికొండల వెంకటరావు ఆయన శిష్యులే.

కూల్డ్రే దృష్టి రామారావుపై పడెను. ఈ బాలుని చేతిలో నున్నది కేవలము కాలక్షేపపు అలవాటు కాదనియు, శిక్షణ దొరకినచో అది మహాశక్తి కాగలదనియు ఆయన గ్రహించెను. ఆ శిక్షణ రాజమహేంద్రవరమున దొరకునది కాదు. అందువలన 1916లో రామారావు బొంబాయిలోని జంషెట్జీ జీజీభాయి కళాశాలలో ప్రవేశించుటకు కూల్డ్రే తోడ్పడెను. దూరదేశమునుండి గోదావరి ఒడ్డునకు వచ్చిన ఒక గురువు, గోదావరి ఒడ్డునుండి ఒక శిష్యుని దూరనగరమునకు పంపించెను. ఆ గురువునకు ఆ శిష్యుడు బంధువు కాడు, స్వదేశీయుడు కాడు. విద్యయందలి ప్రీతి తప్ప వారి నడుమ వేరొక సంబంధము లేదు.

అప్పటికి ఐరోపాలో మొదటి ప్రపంచయుద్ధము సాగుచుండెను. బొంబాయి మహానగరము రేవులతోను, మిల్లులతోను, నానాదేశముల ప్రజలతోను కిటకిటలాడుచుండెను. అచట మరాఠీ, గుజరాతీ భాషలు వినవచ్చునే గాని తెలుగు మాట అరుదు. 19 ఏండ్ల యువకుడు వందలకొలది మైళ్ల దూరమున, భాష తెలియని చోట, ఒక కొత్త జీవితమును ప్రారంభించెను. అతనికి అచట గుర్తింపు తెచ్చిపెట్టగలది ఒక్కటే, అతని చేతిపని. అతని చిత్రములను చూచిన కళాశాలాధ్యక్షుడు సెసిల్ బర్న్స్ మెచ్చుకొని అతనిని మొదటి తరగతులలో గాక పై తరగతిలోనే చేర్చుకొనెను. మాట రాని చోట గీతయే రామారావు పక్షమున మాటాడెను.

ఆ కళాశాల 1857లో స్థాపింపబడినది. పూర్వము దాని అధ్యక్షులలో నొకడైన జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులను వెంటబెట్టుకొని పోయి అజంతా చిత్రములకు ఏండ్ల తరబడి ప్రతులు వ్రాయించియుండెను. ఈ విధముగా అచట పాశ్చాత్య శిక్షణయు, ప్రాచీన భారతచిత్రముల స్మృతియు కలసియుండెను. బర్న్స్ తరువాత గ్లాడ్‌స్టన్ సాలమన్ అధ్యక్షుడాయెను. ఆయన కాలమున సజీవులైన మనుష్యులను ఎదుట కూర్చుండబెట్టుకొని చిత్రించు పద్ధతికి ప్రాధాన్యము హెచ్చెను. ఎముకల అమరిక, కండరముల కదలిక, వెలుగునీడల తీరు, దూరము పెరిగినకొలది వస్తువుల ఆకారము మారు విధము మొదలగు వానినన్నిటిని రామారావు పట్టుదలతో అభ్యసించెను. మనుష్యుడు నిలుచున్నప్పుడు బరువు ఏ కాలిపై నున్నదో, కూర్చున్నప్పుడు వీపు ఎట్లు వంగునో గుర్తించి ఒక్క గీతలో పట్టుట సులభమైన పని కాదు. అందుకు వేలకొలది గీతలు గీయవలెను, చాలభాగము పారవేయవలెను. ప్రతిభ పుట్టుకతో రావచ్చును గాని, దానిని వశపరచుకొనుట కష్టించి పనిచేసినవారికే సాధ్యము. 1920లో రామారావు ఆ కళాశాలలో విద్యను విశేషమైన పేరుతో ముగించెను.

బొంబాయిలో అతనికి లభించిన మేళ్లలో మిత్రలాభము ఒకటి. గుజరాతు చిత్రకారుడైన రవిశంకర్ రావళ్ అతనికి స్నేహితుడాయెను. రామారావు కాఠియావాడ ప్రాంతమున సంచరించి, అచటి పల్లెలను, పశుపాలకులను, పాలు పెరుగులమ్ము స్త్రీలను చిత్రించెను. గోదావరీ మండలపు పచ్చదనమునకు అలవాటుపడిన కన్నులకు ఆ పశ్చిమదేశపు మెట్టనేలలు, ముదురురంగుల వస్త్రములు, నగల తీరులు కొత్తవిగా తోచెను. పరదేశమున తిరుగుటవలన కలుగు ఒక లాభము కలదు. అచట కొత్త వస్తువులను చూచుటయే గాక, తిరిగి వచ్చిన పిమ్మట తన ఊరిని సైతము కొత్త కన్నులతో చూడగలుగుట. రామారావు విషయమున అదియే జరిగెను.

చదువు ముగిసిన పిమ్మట అతని యెదుట రెండు మార్గములుండెను. ఒకటి బొంబాయి మార్గము. అచట ధనికులు కలరు, చిత్రములను కొనువారు కలరు, ప్రదర్శనశాలలు కలవు. సంస్థానాధీశుల ఆదరమును పొంది సుఖముగా జీవించిన చిత్రకారులు పశ్చిమదేశమున పెక్కుమంది కలరు. రెండవది రాజమహేంద్రవరపు మార్గము. అచట చిత్రశాల లేదు, కళాశాల లేదు, కొనువారు అరుదు. రామారావు రెండవ మార్గమునే చేపట్టెను. తాను ఈ విద్యకై వందలకొలది మైళ్లు పోవలసి వచ్చెను. కూల్డ్రే వంటి గురువు దొరకనిచో ఆ అవకాశమును లేకపోయెడిది. అట్టి గురువు దొరకని తెలుగు బాలుర గతి యేమి? వారికొఱకు విద్యయే వారి ఊరికి రావలెను. అతని తరువాతి జీవితమంతయు ఈ ప్రశ్నకు సమాధానముగా నడచెను.

రామారావు స్వస్థలమునకు చేరునాటికి కూల్డ్రే ఇంగ్లండునకు మరలిపోయి యుండెను. గురువు లేని ఊరిలో శిష్యుడు తన పనిని ప్రారంభించెను. గోదావరి తీరమును, తూర్పుకనుమలను, తెలుగు ఇండ్లలోని స్త్రీలను అతడు చిత్రించెను. తైలవర్ణములయందును అతనికి ప్రవేశముండెను గాని, నీటిరంగులయందు అతని నేర్పు విశేషముగా రాణించెను. తైలవర్ణచిత్రమున పొరపాటు జరిగినచో దానిపై మరల రంగు వేసి దిద్దుకొనవచ్చును. నీటిరంగులలో అట్టి వెసులుబాటు స్వల్పము. అందు కాగితపు తెలుపే వెలుగు. రంగును పలుచగా పూయగా క్రిందనున్న తెలుపు దానిగుండ మెరయును. ఒకసారి చేయి తడబడినచో ఆ వెలుగు పోవును. కావున ఏ చోట రంగు వేయవలెనో తెలియుట ఎంత ముఖ్యమో, ఏ చోట వేయకుండ విడువవలెనో తెలియుటయు అంత ముఖ్యము.

అతని చిత్రములలో ప్రసిద్ధి కెక్కినవి ఋష్యశృంగ బంధనము, సిద్ధార్థ రాగోదయము, పుష్పాలంకారము, నంది పూజ మొదలగునవి. ఋష్యశృంగుని కథ రామాయణమున కలదు. అంగదేశమున అనావృష్టి కలుగగా, స్త్రీముఖమెరుగక అడవిలో పెరిగిన ఆ మునికుమారుని రప్పించినచో వర్షము కురియునని పెద్దలు చెప్పిరి. రోమపాదుడను రాజు అతనిని తెచ్చుటకు వారకాంతలను పంపెను. లోకమెరుగని అమాయకత్వమునకును, లోకమునెరిగిన చాతుర్యమునకును జరిగిన ఈ సమాగమమును రామారావు చిత్రమునకు వస్తువుగా గ్రహించెను. కలకత్తా ప్రదర్శనమున ఈ చిత్రమునకు వైస్రాయి బహుమతి లభించెను. సిద్ధార్థ రాగోదయమున, బుద్ధుడు కాకమునుపు రాకుమారుడైన సిద్ధార్థుని హృదయమున తొలిసారి అనురాగము మొలకెత్తిన ఘట్టము కలదు. 1924లో లండను సమీపమున వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనమునకును రామారావు చిత్రములు పోయెను. చిత్రకారుడు ఊరు విడిచి పోకయే అతని చిత్రములు సముద్రములు దాటెను.

ఆ కాలమున భారతదేశమున అవనీంద్రనాథ ఠాకూరు ప్రారంభించిన వంగ సంప్రదాయము ప్రబలమై యుండెను. మచిలీపట్టణములోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చటోపాధ్యాయుడు వంగదేశపు పద్ధతిని బోధించుచుండెను. వేరొకవైపు బొంబాయిలో పాశ్చాత్య పద్ధతి కలదు. రామారావు ఈ రెండింటిలో దేనికిని దాసుడు కాలేదు. బొంబాయిలో నేర్చిన ఆకార పరిజ్ఞానమును విడువలేదు. అజంతాలో కానవచ్చు రేఖాలాలిత్యమును మరువలేదు. ఈ రెండింటిని కలిపి తెలుగునేల రూపురేఖలను, వేషభాషలను చిత్రమునకు తెచ్చుటకు యత్నించెను. ఆంధ్రులకు తమదైన చిత్రసంప్రదాయ ముండవలెనని అతని ఆశయము.

ఒక్కని కృషివలన సంప్రదాయ మేర్పడదని రామారావు ఎరుగును. అందుచేత అతడు రాజమహేంద్రవరమున ఒక చిత్రకళాశాలను నెలకొల్పెను. పెద్ద భవనములు గాని, గొప్ప ధననిధులు గాని దానికి లేవు. తాను నేర్చిన దానిని దాచుకొనక పంచిపెట్టు గురువు, నేర్వవలెనను కోరికగల శిష్యులు, ఇవియే దాని మూలధనము. వరద వెంకటరత్నము మొదలగు మిత్రులు అతనికి కుడిభుజమై నిలిచిరి. రామారావు తన విద్యను ఇంటి బయట మాత్రమే పంచలేదు. అతని భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడ చిత్రలేఖనమున నేర్పు గడించిరి. స్త్రీలకు అక్షరములు నేర్పుటయే ఆక్షేపణకు గురియగుచుండిన ఆ దినములలో, ఇంటి ఆడువారు కుంచె పట్టి చిత్రములు వ్రాయుట కొనియాడదగిన విషయము.

ఈ విధముగా కృషి ఫలించుచుండగా, 1925వ సంవత్సరారంభమున రామారావునకు మశూచి సోకెను. అమ్మవారు పోసినదని జనులు భయభక్తులతో చెప్పుకొను ఆ వ్యాధి ఆ కాలమున ఏటేట వేలకొలది ప్రాణములను బలిగొనుచుండెను. టీకా ఉన్నను అది అందరికిని అందుట లేదు. వ్యాధి సోకిన పిమ్మట దానిని నయము చేయు ఔషధము లేదు. వైద్యుని ఇంట పుట్టినవానిని సైతము వైద్యము రక్షింపలేకపోయెను. ఫిబ్రవరి 6వ తేదీన రామారావు కన్నుమూసెను. అప్పటికి అతని 28వ పుట్టినదినమునకు ఇంకను ఒక మాసము మిగిలియుండెను. బొంబాయినుండి మరలివచ్చి 5 ఏండ్లు మాత్రమే గడచియుండెను. తరువాతి కాలమున దేశమంతట టీకాలు వేయుటచేత 1975లో భారతదేశమునుండి మశూచి తొలగిపోయెను. 1980లో ప్రపంచమునందెచ్చటను ఆ వ్యాధి లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించెను. ఆ భాగ్యము రామారావునకు అందలేదు.

గురువు పోయిన పిమ్మట ఆ చిన్న పాఠశాల మూతపడి యుండవచ్చును. చిత్రములు చెల్లాచెదరై, చెదలపాలై యుండవచ్చును. నీటిరంగుల చిత్రములు మిక్కిలి సున్నితమైనవి. తేమ తగిలిన బూజుపట్టును. ఎండ తగిలిన రంగు వెలయును. నిర్మాత మరణించిన కొద్దికాలమునకే నామరూపములు లేక పోయిన సంస్థలు మన దేశమున కొల్లలు. కాని అట్లు జరుగలేదు. భర్తను కోల్పోయిన సత్యవాణి అతని చిత్రములను కోల్పోక భద్రపరచెను. మిత్రుడైన వరద వెంకటరత్నము పాఠశాల భారమును తన భుజములపై వేసుకొని దీర్ఘకాలము నడపెను. ఎందరో యువకులకు చిత్రలేఖనము నేర్పెను. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు పేర చిత్రశాల వెలసెను. తరువాత ప్రభుత్వము దాని నిర్వహణమును చేపట్టెను. అతని తైలవర్ణచిత్రములు, నీటిరంగుల చిత్రములు, వందలకొలది రేఖాచిత్రములు అచట కలవు. సత్యవాణి, బుచ్చికృష్ణమ్మ, వెంకటరత్నములు వ్రాసిన చిత్రములును వానితోపాటు కలవు. ఒక చిత్రకారుని స్మారకమందిరమున అతని పేరు మాత్రమే గాక, అతడు విద్య పంచిన వారి పనియు గోచరించుట ఆ చిత్రశాల విశేషము.

విద్యకొఱకు ఊరు విడిచి పోవువారు పూర్వము కలరు, నేడును కలరు. పోయినచోటనే స్థిరపడి కీర్తి గడించినవారును గౌరవింపదగినవారే. రామారావు మరలివచ్చి తన ఊరికి ఒక విద్యను తెచ్చిపెట్టెను. దానికి ఫలముగా అతనికి లభించినది ధనము కాదు, దీర్ఘాయువు కాదు. 5 ఏండ్ల పని మాత్రమే. కాని ఆ పనిని అతడు తన చేతులలోనే బంధించి యుంచుకొనక పదిమంది చేతులలో పెట్టెను. అందుచేతనే అతని చేయి ఆగిపోయినను పని ఆగిపోలేదు. కూల్డ్రే ఒక బాలునియందు గుర్తించిన శక్తి ఆ బాలునితో అంతరింపక గోదావరీతీరమున తరువాతి తరములకు సంక్రమించెను. నేర్చుటలో ఎంత శ్రమ గలదో, నేర్పుటలో అంత ధన్యత గలదని దామెర్ల రామారావు జీవితము తెలుపుచున్నది.